జీవకణము వృత్తి మార్చుకొనునా?

పెనుకొండ కోటగోడల రాళ్ళ సందులలో బల్లిని పట్టబోయిన బాలునికి తోక మాత్రమే చేత చిక్కును. బల్లి పారిపోవును, తోక కొంతసేపు కొట్టుకొనుచుండును. కొన్ని వారములకు ఆ బల్లికి క్రొత్త తోక మొలచును. ఇంతవరకు అందరికిని తెలిసినదే. అయితే క్రొత్త తోక పాతదానికి నకలు కాదు. పాతదానిలో వెన్నుపూసలు వరుసగా నుండెను. క్రొత్తదానిలో వానికి బదులు ఒక మృదులాస్థి గొట్టమే యుండును. పొలుసుల తీరును వేరు. ఆ రాళ్ళమీదనే తల యూపుచు ఎండకాగు తొండకు ఈమాత్రపు శక్తియు లేదు.

తెగినచోట క్రొత్త కణజాలము ఎచ్చటినుండి వచ్చినది? అచ్చటి కణములు తమ పని మాని, పిండదశకు మరలి, తిరిగి ఎదిగినవా?

దీనిని విచారించుటకు ముందు హిందూపురము మార్కెట్టుకు వచ్చు పట్టుగూటిని చూతము. దానిని అల్లిన పురుగులో రెండు పట్టుగ్రంథులుండును. వాని వెనుకభాగపు కణములు ఫైబ్రాయిన్ అను మాంసకృత్తును, నడిమిభాగపు కణములు సెరిసిన్ అను జిగురును తయారుచేయును. జిగురును ఉడికించి తీసివేయగా మిగిలిన ఫైబ్రాయినే ధర్మవరపు మగ్గముపై చీర యగుచున్నది. ఈ గ్రంథికణములు గ్రుడ్డులో నుండగనే విభజన మానుకొనును. ఆపైన సంఖ్యలో పెరుగక, పరిమాణములోనే పెరుగును. గూడు ముగిసిన పిమ్మట నశించును. చిలుక రెక్కలో, అంతవరకు వేచియున్న వేరొక చిన్న కణసముదాయమునుండి పుట్టును. గ్రంథికణమునకు రెక్కను నిర్మించు జన్యువులు లేకనా? ఉన్నవి. కణములన్నిటి యందును గ్రంథమొకటే. మూసియుంచిన పుటలు వేరు.

మూసిన పుటలను తెరువవచ్చునని 1962లో ఇంగ్లండునందు జాన్ గర్డన్ చూపెను. పిల్లకప్ప ప్రేగుకణపు కేంద్రకమును, స్వంత కేంద్రకమును నశింపజేసిన గ్రుడ్డులో ప్రవేశపెట్టగా, కొన్నిటినుండి పిల్లకప్పలు పుట్టినవి. 2006లో జపానునందలి క్యోటో విశ్వవిద్యాలయములో షిన్యా యమనాకా, కజుతోషి తకహాషీ ఎలుక చర్మకణములలో నాలుగు జన్యువులను పనిచేయించి, వానిని పిండకణములవంటి స్థితికి మరలించిరి. ఇదియే కణముల రీప్రోగ్రామింగ్. గర్డన్, యమనాకాలకు 2012లో నోబెల్ బహుమానము లభించెను.

బల్లి తోకలోను ఇదే జరుగునని వెంటనే చెప్పబుద్ధి యగును. తొందర కూడదు. 2009లో జర్మనీలో ఎల్లీ తనాకా బృందము ఆక్సొలోటల్ అను సాలమాండర్ కణజాలములకు వెలుగు గుర్తులు పెట్టి, కాలిని ఖండించి పరీక్షించెను. తెగినచోట లేచిన మొలకముద్దలోని కణములన్నియు చూపునకు ఒకే తీరుగ నున్నను, కండరమునుండి వచ్చినవి కండరమే యైనవి, మృదులాస్థి కాలేదు. చర్మపు లోపొర కణములు మాత్రము మృదులాస్థిగ మారగలిగినవి. అనగా అవి కొన్ని అడుగులు వెనుకకు వేసినవే గాని, పిండదశవరకు పోలేదు. దీని చుట్టమైన న్యూట్ కంటిలో మాత్రము వృత్తిమార్పిడి నిజముగనే జరుగును. కటకమును తీసివేసినచో, కంటిపాప అంచునందలి రంగుకణములు రంగు వదలి కటకకణములగును. అదియు పిండదశతో పనిలేకయే.

మన పొరుగున ఒడిశాలో, ఉత్కళ విశ్వవిద్యాలయమునందలి ప్రియంబదా మహంతి హెజ్మాదీ బృందము 1992లో ప్రకటించిన ఫలితము ఇంకను వింతైనది. తోక తెగిన ఒక జాతి పిల్లకప్పలకు విటమిన్ ఎ ఇయ్యగా, తోక మొలవవలసిన చోట కాళ్ళు మొలచినవి! ఇచ్చట కణములు తమ చిరునామానే మరచినవి.

మరపు మితిమీరినచో ముప్పు. 2013లో స్పెయినులో బ్రతికియున్న ఎలుకలలో ఆ నాలుగు జన్యువులను పనిచేయించగా, పలు అవయవములందు కంతులు లేచినవి. 2016లో అమెరికాలోని సాల్క్ సంస్థవారు వానిని వారమునకు రెండేసి దినములు మాత్రమే పనిచేయించి, త్వరగ ముసలితనము వచ్చు ఎలుకల ఆయువును పెంచగలిగిరి.

మనుష్యులకు ఈ శక్తి బొత్తిగా లేదనరాదు. వ్రేలికొన తెగిన చిన్నపిల్లలకు, గోటి మొదలు మిగిలియున్నచో, కొన తిరిగి పెరుగుట కలదు. మొదలుతో సహా పోయినచో పెరుగదు. ఎలుకలలోను ఇంతే. వానిపై 2011లో జరిగిన ప్రయోగములలో, ప్రతి కణజాలమును తన జాతి కణములనే ఇచ్చుచున్నదని తేలెను. గోటి మొదటనున్న మూలకణములనుండియే ఎముకను పెంచు సంకేతము బయలుదేరునని 2013లో కనుగొనిరి.