ఆఫర్ లెటర్ వచ్చింది... చీలమండ సిద్ధమేనా?

'సొంత టూవీలర్, డ్రైవింగ్ లైసెన్స్ తప్పనిసరి'. ఫీల్డ్ ఉద్యోగాల ప్రకటన ఏది చూసినా చివర్లో ఈ మాట ఉంటుంది. మెడికల్ రిప్రజెంటేటివ్, మైక్రోఫైనాన్స్ ఫీల్డ్ ఆఫీసర్, రొయ్యల మేత కంపెనీ టెక్నీషియన్, విత్తనాల కంపెనీ సేల్స్, ఫుడ్ డెలివరీ... విజయవాడ చుట్టుపక్కల చదువు పూర్తిచేసిన వాళ్లకు మొదట దొరికే కొలువుల్లో చాలావాటికి బండే ఆఫీసు. పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర బయల్దేరి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు చూసుకుని చీకటి పడేలోగా తిరిగి రావాలి. బందరు దాకా వెళ్తే ఒకవైపే దాదాపు డెబ్బై కిలోమీటర్లు.

మీ పరిస్థితి ఇలా ఉందనుకుందాం. ఫైనలియర్‌లో ఉండగా కాలవ గట్టు మీద బండి జారింది. ఎడమ చీలమండ విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. మూడు నెలలైంది. నడుస్తున్నారు గానీ పొద్దున లేవగానే కాలు పట్టేసినట్టుంటుంది, సాయంత్రానికి కాస్త వాపు. సరిగ్గా ఇప్పుడే ఉద్యోగం వచ్చింది, ఒకటో తారీఖున చేరాలి. అమ్మ 'బండెక్కొద్దు' అంటోంది. నాన్న 'మంచి బూట్లు కొనిస్తా, జాగ్రత్తగా వెళ్లు' అంటున్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కాకపోతే నాన్న చెప్పిన ఆ 'మంచి బూట్లు' అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి.

ముందు కాలు, తర్వాతే బూటు

ఏ బూటూ అతకని ఎముకను అతికించదు. కాబట్టి కొనేముందు డాక్టర్ దగ్గరకు వెళ్లి 'బండి నడపొచ్చా' అని అడగండి. 'నడవొచ్చా' అని కాదు. ఈ రెండూ ఒకటి కావు. కుడి చీలమండకు ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ మామూలు వేగంతో కారు బ్రేకు నొక్కగలగడానికి తొమ్మిది వారాలు పట్టిందని 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అది కారు. కూర్చున్న చోటి నుంచి కాలు కదిపితే చాలు. బైక్ మీద బ్రేకుతో పాటు బండి బరువు కూడా కాలే మోయాలి.

ఇంట్లో మీరే చేసుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. గోడకు దగ్గరగా నిలబడి, దెబ్బ తగిలిన కాలి మీద ఒంటికాలిపై అరనిమిషం ఉండగలరా? అదే కాలి వేళ్ల మీద మడమ పైకెత్తి నిలబడగలరా? మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టుకీ రెండు కాళ్లూ ఆనించకుండా దిగగలరా? వీటిలో ఏదైనా కుదరకపోతే చేరే తేదీని రెండు వారాలు జరపమని మెడికల్ సర్టిఫికెట్ జతచేసి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయపడతారు చాలామంది. చేరిన వారానికే మళ్లీ పడి నెల రోజులు సెలవు అడగడం కంటే ఇది తేలిక.

పుత్తూరు కట్టు వేయించుకున్నవాళ్లకు ఒక మాట. నొప్పి తగ్గడం వేరు, చీలమండ కీలు సరిగ్గా కుదురుకోవడం వేరు. బండెక్కే ముందు ఒకసారి ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టర్‌కు చూపించండి.

ఏ కాలికి దెబ్బ?

షాపులో ఎవరూ అడగని ప్రశ్న ఇది. కుడి కాలైతే వెనక బ్రేకు, కొన్ని బళ్లకు కిక్ కూడా. ఎడమ కాలైతే గేరు. పైగా మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం, రోడ్డు అంచు ఆ వైపే వాలి ఉంటుంది. ఆగినప్పుడు ఎడమ కాలు ఆనే నేల కాస్త పల్లంగా ఉంటుంది. కాలవ గట్ల మీద అయితే ఆ అంచు వదులు మట్టే. చీలమండ పక్కకు మడతపడేది అక్కడే. అందుకే దెబ్బ ఎడమ కాలికైతే బూటు పక్కలు గట్టిగా ఉండటం మొదటి షరతు. కుడి కాలికైతే బూటులో పాదం ముందుకీ వెనక్కీ తేలిగ్గా వంగడం ముఖ్యం. బ్రేకు ఎంత నొక్కారో పాదానికి తెలియాలి మరి.

ఎడమ కాలివాళ్లకు ఒక చిట్కా. మడమతో నొక్కే వెనక లివర్ కూడా ఉన్న కమ్యూటర్ బైక్ అయితే వేళ్లతో గేరు పైకెత్తే పని తప్పుతుంది. లేదంటే మొదటి రెండు నెలలు ఇంట్లో ఉన్న స్కూటర్ తీసుకెళ్లండి. 'అది అక్క బండి' అని మొహమాటపడొద్దు.

బూటు చేయాల్సిన పని

హీరో స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195. ఇవి మీద పడటానికి వేగం అక్కర్లేదు. ట్రాఫిక్‌లో ఆగి ఉండగా పక్కకు ఒరిగినా చాలు, చీలమండ రోడ్డుకీ బండికీ మధ్య ఇరుక్కుంటుంది. కాబట్టి బండి బూటు చేయాల్సిన పనులు మూడు. పాదం అడ్డంగా నలగకుండా ఆపాలి, చీలమండ బుడిపెలకు తగిలే దెబ్బను తను తీసుకోవాలి, కాలు పక్కకు మడతపడకుండా పట్టి ఉంచాలి.

దుకాణంలో 'సేఫ్టీ షూ' చూపిస్తే కంగారుపడి కొనకండి. మన దేశంలో వాటికి ఐఎస్ 15298 ప్రమాణం ఉంది, ముందు టోపీ 200 జౌళ్ల దెబ్బకు తట్టుకోవాలి. అది ఫ్యాక్టరీలో పైనుంచి బరువు పడితే కాలివేళ్లను కాపాడటానికి. మీకు దెబ్బ తగిలింది వేళ్లకు కాదు కదా! పైగా చాలా సేఫ్టీ షూలు చీలమండ కిందే ఆగిపోతాయి. ముందు భాగం లావుగా ఉండి గేరు లివర్ కింద దూరదు కూడా.

బండి బూట్లకు యూరప్‌లో ఈఎన్ 13634 అనే ప్రమాణం ఉంది. ఈ ముద్ర ఉన్న బూటు నాలుక మీదో లోపలి లేబుల్ మీదో బైక్ మీద మనిషి బొమ్మ, దాని కింద నాలుగు అంకెలు ఉంటాయి. ప్రతి అంకె 1 గానీ 2 గానీ. 2 అంటే ఎక్కువ రక్షణ. వరుసగా బూటు ఎత్తు, రోడ్డు మీద ఒరుసుకున్నప్పుడు తట్టుకోవడం, కోత పడకుండా ఆపడం, చివరిది అడ్డంగా నలగకుండా నిలవడం. మీరు ముందు చూడాల్సింది ఆ నాలుగో అంకెనే. ఇక ఐ, పి, ఏ అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు కూడా ఉంటే చీలమండ రక్షణకు విడిగా పరీక్ష చేసి పాసయిందని అర్థం. ఈ పరీక్ష ఐచ్ఛికం. ముద్ర ఉన్న ప్రతి బూటుకూ ఈ అక్షరాలు ఉండవు. మీ వరకు మాత్రం ఇవే ముఖ్యం.

రేసింగ్ బూట్లు వద్దనే నా సలహా. మోకాలి కింద దాకా వచ్చే గట్టి ప్లాస్టిక్ బూటు ట్రాక్ మీద బాగుంటుంది. పట్టేసిన చీలమండతో దాన్ని తొడుక్కోవడమే ఒక వ్యాయామం, దాంతో డాక్టర్ల క్లినిక్‌ల ముందు గంటలు నిలబడలేరు. చీలమండ బుడిపె పైన నాలుగు వేళ్ల ఎత్తు వచ్చే పొట్టి టూరింగ్ బూటు మీ అవసరానికి సరిపోతుంది. నలుపు రంగు తీసుకుంటే ఫార్మల్ ప్యాంటు కింద మామూలు షూలాగే కనిపిస్తుంది. ఇంటర్వ్యూకి, హెడ్డాఫీసు మీటింగ్‌కి మాత్రం బ్యాగులో ఫార్మల్ షూ పెట్టుకెళ్లి మార్చుకోండి.

సాయంత్రం ఆరింటికి కొనండి

పొద్దున సరిపోయిన బూటు సాయంత్రం పిండేస్తుంది. దెబ్బ తగిలిన కాలికి ఇది మరీ ఎక్కువ. కాబట్టి రోజంతా తిరిగాక, వాపు ఉన్న సమయంలోనే షాపుకెళ్లండి. రోజూ వేసుకునే మేజోళ్లే వేసుకోండి. ఫిజియోథెరపిస్ట్ యాంకిల్ బైండర్ ఇచ్చి ఉంటే దాన్ని కూడా కట్టుకుని తొడగండి. రెండు పాదాలూ ఒకే సైజులో లేకపోతే పెద్దదానికి సరిపోయేది తీసుకోండి. రెండోదాంట్లో అదనంగా ఒక అట్ట వేస్తే సరి.

ఇప్పుడు అసలు విషయం. చీలమండకు రెండు వైపులా బుడిపెలుంటాయి. బయటి బుడిపె లోపలిదానికంటే కాస్త కిందకీ వెనక్కీ ఉంటుంది. బూటులోని రక్షణ గిన్నె ఆ బుడిపె మీద సరిగ్గా కూర్చోవాలి. పైకి జరిగితే దాని అంచు ఎముకను నొక్కుతుంది. ప్లేటు వేసిన కాలైతే ఆ చోట చర్మం కిందే లోహం ఉంటుంది. షాపులో ఐదు నిమిషాల్లో తెలియని ఒరిపిడి పామర్రు చేరేలోపు పుండు చేస్తుంది. అందుకని తొడుక్కుని కనీసం ఇరవై నిమిషాలు షాపులోనే తిరగండి. సేల్స్ అబ్బాయి విసుక్కుంటే విసుక్కోనివ్వండి. విప్పాక కుట్లు పడిన చోట చర్మం చూడండి, ఎర్రగా గీత పడి ఉంటే ఆ జత మీది కాదు.

చేతితో చేసే పరీక్షలు కూడా ఉన్నాయి. పాదం వెడల్పు ఉన్నచోట బూటును రెండు పక్కల నుంచీ గట్టిగా నొక్కితే లోపలికి పోకూడదు. మడమను ఒక చేత్తో, ముందు భాగాన్ని ఇంకో చేత్తో పట్టుకుని గుడ్డ పిండినట్టు తిప్పితే తేలిగ్గా మెలి తిరగకూడదు. తర్వాత బయట పెట్టిన మీ బండి మీదే కూర్చుని గేరు వేసి చూడండి. బూటు గేరు లివర్ కింద దూరకపోతే అది బూటు తప్పే కానక్కర్లేదు. మెకానిక్ దగ్గర లివర్‌ను విప్పి ఒక పన్ను పైకి బిగిస్తే సరిపోతుంది. బ్రేకు పెడల్ ఎత్తు కూడా సరిచేయొచ్చు.

లేసులు మాత్రమే ఉన్న బూటైతే ఆ ముడులు లోపలికి దోపుకునే వీలుండాలి. వదులు లేసు గేరు లివర్‌కు తగులుకుంటే, ఆగినప్పుడు కాలు కింద పెట్టలేరు. పక్కన జిప్పు, పైన వెల్క్రో ఉన్నవి మేలు. పాదాన్ని బాగా కిందకు వంచకుండానే తొడుక్కోవచ్చు.

డబ్బు సంగతి

రాయల్ ఎన్‌ఫీల్డ్, ఒరాజో, క్లాన్ లాంటి బ్రాండ్లలో బండి బూట్లు దొరుకుతాయి. నాలుగైదు వేల దగ్గర మొదలై పది వేలు దాటతాయి. ఇంకా ఉద్యోగంలో చేరనివాళ్లకు ఇది పెద్ద మొత్తమే. 'మొదటి జీతం వచ్చాక కొందాంలే' అనుకుంటారు. కానీ చీలమండ అన్నిటికంటే బలహీనంగా ఉండేది ఆ మొదటి నెలలోనే. చేతిలో పదిహేను వందలే ఉంటే పోలీసులు వేసుకునే తరహా ఎత్తు తోలు బూటు, దానిలోపల యాంకిల్ బైండర్. నలగకుండా ఆపే బలం దానికి లేదు. అయినా చెప్పులకంటే చాలా నయం.

చెప్పులంటే గుర్తొచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు చెప్పులతో బండి నడిపితే జరిమానా అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. అలాంటి నిబంధన లేదని కేంద్ర మంత్రి కార్యాలయమే చెప్పాల్సి వచ్చింది. జరిమానా లేదన్నారని మీరు చెప్పులతో బయల్దేరకండి.

ఇంకో డబ్బు మాట, బూట్లది కాదు. మీ నెల జీతం 21,000 రూపాయలు దాటకుండా, కంపెనీ ఈఎస్ఐ పరిధిలో ఉంటే చేరగానే మీ పేరు నమోదైందో లేదో అడగండి. పనిలో దెబ్బ తగిలి డ్యూటీకి వెళ్లలేని రోజులకు జీతంలో సుమారు 90 శాతం వస్తుంది. ఇంటి నుంచి పనికి వెళ్లివచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, ఉద్యోగంతో దానికి సంబంధం తేలితే, 2010 సవరణ కలిపింది.

మన రోడ్లు, మన ఎండ

డెల్టాలో బూటుకు ప్రత్యేక పరీక్షలున్నాయి. నాట్ల సమయంలో పొలాల్లోంచి వచ్చే ట్రాక్టర్లు నల్లరేగడి బురదను తారు రోడ్డు మీదకు తెస్తాయి. కోతలయ్యాక రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోస్తారు. రెండిట్లో ఏదైనా కాలు కింద పెట్టగానే జారుతుంది. అట్ట కింద గాడులు మరీ సన్నగా, దగ్గరగా ఉంటే రేగడి ఇరుక్కుని నున్నగా అయిపోతుంది. ఎడంగా ఉన్న గాడులు చూసుకోండి. మళ్లీ బండెక్కేముందు బూటు అడుగును ఫుట్‌రెస్ట్ అంచుకేసి ఒకసారి గీకండి. లేదంటే పాదం దాని మీద నిలవదు.

వాటర్‌ప్రూఫ్ తీసుకోవాలా? కైకలూరు వైపు చెరువు గట్లు తిరిగే ఉద్యోగమైతే తీసుకోండి. ఎక్కువగా ఊళ్లోనే తిరిగేవాళ్లకు మాత్రం విజయవాడ ఎండల్లో అది ఉడుకు డబ్బా. మామూలు బూటు, వానకు పైన తొడిగే కవరు చాలు. పూర్తి కాటన్ మేజోళ్లు చెమటను పట్టుకుని తడిగానే ఉంటాయి, సింథటిక్ కలిసినవి వాడండి.

ఒకవేళ మళ్లీ కాలు మడతపడితే? కెనడాలోని అటావా డాక్టర్లు 1992లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడుతున్నారు. చీలమండ బుడిపె కొన మీద గానీ వెనక అంచున గానీ నొక్కితే ఎముక నొప్పి పుట్టినా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. ప్లేటు ఉన్న మీరు ఆ లెక్కలు కూడా వేసుకోవద్దు, నేరుగా వెళ్లండి. బూటు మాత్రం గబుక్కున విప్పేయకండి. వాపు పెరిగితే మళ్లీ తొడగలేరు. ఆసుపత్రి గుమ్మం దాకా అదే కట్టు.

తడిసిన బూట్లను ఎండలో పెడితే తోలు పగులుతుంది, మూల పడేస్తే మన ఉక్కకు రెండ్రోజుల్లో బూజు పడుతుంది. లోపల నిన్నటి పేపరు కుక్కి ఫ్యాను కింద పెట్టండి. ఈ పేజీ అయినా ఫర్వాలేదు, కాకపోతే షాపుకెళ్లొచ్చాక.