సర్వర్ నిల్వ వ్యవస్థల్లో డిస్క్ లోపం, మార్గ లోపం: నిర్ధారణ క్రమం

1. ఉపోద్ఘాతం:
చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్‌లోని పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, నారాయణగూడ కళాశాలలు హైదరాబాద్‌లో చదువరులు నిత్యం చేరే చోట్లు. ఇటువంటి సంస్థల గ్రంథసూచికలు, విద్యార్థుల రికార్డులు, స్కాన్ చేసిన పుస్తకాలు సర్వర్లకు చేరే కొద్దీ వాటి భద్రత సాంకేతిక సిబ్బందికే పరిమితమైన విషయం కాదు. అరుదైన పుస్తకానికి స్కాన్ ప్రతి ఒక్కటే మిగిలినప్పుడు, అది పోతే దానిపై పరిశోధనే ఆగిపోతుంది. సర్వర్‌కు డిస్క్ కనిపించనప్పుడు లోపం డిస్క్‌లో ఉందా, దానిని చేరే మార్గంలో ఉందా అని తేల్చే క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిల్వ మార్గం:
సర్వర్‌కూ డిస్క్‌కూ మధ్య అడాప్టర్ కార్డు, కేబుల్, స్విచ్, కంట్రోలర్ వంటివి ఉంటాయి. వీటన్నిటినీ కలిపి నిల్వ మార్గం అనవచ్చు. బీరువాలో పుస్తకం క్షేమంగా ఉన్నా గదికి తాళం పడితే పాఠకునికి అది అందదు. మార్గ లోపం ఇటువంటిదే.

ఇలినాయ్ విశ్వవిద్యాలయం, నెట్‌యాప్ సంస్థ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం సుమారు 39,000 నిల్వ వ్యవస్థలను, 18 లక్షల డిస్కులను 44 నెలల పాటు పరిశీలించింది. నిల్వ వైఫల్యాల్లో డిస్కుల వాటా 20-55 శాతం కాగా, భౌతిక అనుసంధానాల వాటా 27-68 శాతం. రెండు మార్గాలున్న వ్యవస్థల్లో వైఫల్యాలు 30-40 శాతం తక్కువ. కనుక ప్రతి లోపాన్నీ డిస్క్‌కే ఆపాదించడం సరికాదు.

3. నిర్ధారణ క్రమం:
అ) లోపం వ్యాప్తిని చూడాలి. ఒకే డిస్క్‌లో పాడైన సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే లోపం డిస్క్‌దే కావచ్చు. ఒకే అరలోని పలు డిస్కులు ఒక్కసారిగా మాయమైతే ముందుగా కేబుల్, కంట్రోలర్, విద్యుత్ సరఫరాలను అనుమానించాలి.
ఆ) డిస్క్ స్మార్ట్ నివేదికను చదవాలి. సెక్టార్ల లెక్క మారకుండా సీఆర్‌సీ దోషాలు మాత్రమే పెరుగుతుంటే, సమాచారం దారిలో చెడుతోందని అర్థం.
ఇ) మల్టీపాత్ స్థితిని చూడాలి. రెండు మార్గాల్లో ఒకటి తెగినా సేవలు సాగుతూనే ఉంటాయి, ఎవరూ గమనించరు. రెండవదీ తెగితే కొన్ని అమరికల్లో సర్వర్ దోష సందేశం ఇవ్వకుండా నిరీక్షిస్తూ ఉండిపోతుంది.
ఈ) మార్గం స్థిరపడే వరకు ఫైల్ వ్యవస్థకు మరమ్మతు చేయరాదు; రెయిడ్‌ను కొత్తగా నిర్మించరాదు. రెయిడ్ 5 ఒక డిస్క్ నష్టాన్ని మాత్రమే తట్టుకుంటుంది. మార్గ లోపం వల్ల ఒక డిస్క్ ఇప్పటికే దూరమై ఉండగా, పొరపాటున మరొక మంచి డిస్క్‌ను తీస్తే మొత్తం సమాచారం అందకుండా పోతుంది.

4. ముగింపు:
లాగ్‌లను భద్రపరచడం, మార్గాన్ని పరీక్షించడం, ఆ తరువాతే డిస్క్‌ను మార్చడం సురక్షితమైన వరుస. అయితే రెండు మార్గాలూ రెయిడూ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్లు కాదు. పొరపాటున తొలగించిన ఫైలును అవి తిరిగి ఇవ్వలేవు. భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాన్ అయిన అనేక తెలుగు పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉన్నాయి. మన కళాశాలలు, గ్రంథాలయాలు కూడా తమ సేకరణలకు వేరొక చోట ఒక ప్రతిని ఉంచి, దాని నుంచి ఫైళ్లను తిరిగి తెరవగలుగుతున్నామా అని ఏటా పరీక్షించుకోవడం అవసరం.