ఒకే పేజీలో నాలుగు వాటాలు

పెద్ద కంపెనీలో ఉద్యోగి పొద్దున్నే తెరిచే పోర్టల్ పేజీలో ఒక మూల సెలవుల లెక్క ఉంటుంది, ఇంకో మూల జీతం స్లిప్పు, మధ్యలో సర్క్యులర్లు, పక్కన తోటి ఉద్యోగుల ఫోన్ నంబర్లు వెతుక్కునే డబ్బా. చూడటానికి అంతా ఒకటే పేజీ. రాసింది మాత్రం నాలుగు బృందాలు కావచ్చు, ఒకరి మొహం ఒకరు చూసి కూడా ఉండకపోవచ్చు. అయినా ఆ ముక్కలు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా సర్దుకుంటాయి.

జావాలో ఈ ముక్కను పోర్ట్‌లెట్ అంటారు. మొదట్లో పోర్టల్ సాఫ్ట్‌వేర్ అమ్మే ప్రతి కంపెనీదీ ఒక్కో పద్ధతి. ఒకదానికోసం రాసింది ఇంకోదానిలో నడిచేది కాదు, మళ్ళీ మొదటినుంచీ రాసుకోవాల్సిందే. ఆ చాకిరీ తప్పించడానికి ఐబీఎం, సన్ మైక్రోసిస్టమ్స్ ముందుండి ఉమ్మడి ప్రమాణం ఒకటి తెచ్చాయి. 2003 అక్టోబరులో వచ్చిన ఆ ప్రమాణం జేఎస్ఆర్ 168.

దాన్ని అర్థం చేసుకోవడానికి వాటాల ఇల్లు తలుచుకుంటే చాలు. ప్రహరీ, గేటు, డాబా ఇంటివాళ్ళవి. అద్దెకున్నవాళ్ళ పెత్తనం వాళ్ళ వాటా వరకే. పోర్ట్‌లెట్ కూడా పేజీ మొత్తాన్ని చుట్టే హెచ్‌టీఎంఎల్, హెడ్, బాడీ ట్యాగులు రాయకూడదు. తన పెట్టెలో చూపాల్సిన ముక్క మాత్రమే ఇవ్వాలి. పైనుండే శీర్షిక పట్టీ, అంచులు, పెట్టెను పెద్దది చేసే బటన్ పోర్టల్ చూసుకుంటుంది.

తర్వాతి చిక్కు పేర్లది. రెండు పోర్ట్‌లెట్లూ తమ జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌కు ‘సేవ్’ అనే పేరే పెట్టుకుంటే వెనక వచ్చినది ముందుదాన్ని చెరిపేస్తుంది. ఊళ్ళో ముగ్గురు సుబ్బారావులుంటే మనం ఇంటిపేరు ముందు తగిలించి పిలుస్తాం. ఇక్కడా అదే ఉపాయం. పోర్టల్ ప్రతి పోర్ట్‌లెట్‌కూ ప్రత్యేకమైన మాట ఒకటి ఇస్తుంది, ఆ పోర్ట్‌లెట్ తన పేర్లన్నిటికీ దాన్ని ముందు చేర్చుకోవాలి. దీన్నే నేమ్‌స్పేస్ అంటారు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది రెండు దశల ఏర్పాటు. మీరు సెలవు దరఖాస్తు నింపి ‘పంపు’ నొక్కారు. పేజీ మళ్ళీ తయారుకావాలి, అంటే నాలుగు పోర్ట్‌లెట్లనూ పిలవాలి. కాసేపటికి ఫోన్ నంబర్ల డబ్బాలో ఏదో వెతికారు. మళ్ళీ నాలుగింటినీ పిలవాలి. పని చేయడమూ, కనిపించడమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటే నంబరు వెతికినప్పుడల్లా మీ దరఖాస్తు ఇంకోసారి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ రెంటినీ విడదీశారు. మొదటి దశలో నొక్కిన పోర్ట్‌లెట్ ఒక్కటే పని చేస్తుంది, ఒక్కసారే. రెండో దశలో అన్నీ తమ ప్రస్తుత స్థితిని చూపిస్తాయి, దేన్నీ మార్చకూడదు. చూపించడంలో మార్పేమీ జరగదు కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్న పట్టింపు లేదు. పోర్టల్ కావాలనుకుంటే అన్నిటినీ ఒకేసారి నడిపించవచ్చు.

అయితే వేర్వేరు ప్యాకేజీల్లో వచ్చిన పోర్ట్‌లెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి ఆ ప్రమాణంలో లేదు. 2008లో వచ్చిన జేఎస్ఆర్ 286 ఆ లోటు తీర్చింది. ఒక పోర్ట్‌లెట్ ‘ఫలానా ఉద్యోగిని ఎంచుకున్నారు’ అని ప్రకటిస్తుంది, ఆ కబురు కావాలని ముందే రాసిపెట్టుకున్న వాటికి పోర్టల్ చేరవేస్తుంది. ప్రకటించేదానికి వినేదెవరో తెలియక్కర్లేదు. ఒకరు రాసిన పోర్ట్‌లెట్‌ను ఇంకొకరితో పంచుకోవడానికి నా దృష్టిలో అసలు ఆధారం ఈ తెలియకపోవడమే.

ఇంత చేసినా, పంచుకున్న పోర్ట్‌లెట్ కొత్త చోట ఆగిపోతే తప్పు చాలాసార్లు చిన్నదే అయి ఉంటుంది. రాసినవాళ్ళు తమ ఆఫీసు సర్వర్ చిరునామానో, తమ సంస్థ సెలవుల నిబంధననో కోడ్‌లోనే నాటేసి ఉంటారు. అలాంటివి ప్రిఫరెన్సులుగా బయట ఉంచితే తీసుకున్నవాళ్ళు కోడ్ ముట్టుకోకుండా మార్చుకోవచ్చు. ఈ ఏర్పాటు మొదటి ప్రమాణంలోనే ఉంది. వాడుకోవడానికి కావలసింది మనం చూడని మనిషి అవసరాన్ని ముందే తలుచుకునే ఓపిక.

ఇప్పుడు కొత్త పోర్టళ్ళు చాలావరకు వెబ్ కాంపొనెంట్ల వంటి పద్ధతులవైపు మళ్ళాయి. వాటిలో మనం కొత్తగా తయారుచేసే ట్యాగు పేరులో తప్పకుండా ఒక హైఫన్ ఉండాలి, హెచ్‌టీఎంఎల్ సొంత ట్యాగులతో కలగాపులగం కాకుండా. ఆ హైఫన్‌కు ముందు ఏ మాట ఉండాలో నిబంధన చెప్పదు. ఇలాంటి కాంపొనెంట్లను అందించే ఐయానిక్ వాళ్ళ బటన్ పేరు మాత్రం ‘ఐయాన్-బటన్’. హైఫన్‌కు ముందున్నది ఇంటిపేరే.