పాల బండి వెనుక కమాన్లు

కొండవాలు గ్రామాల నుండి పాలు తెచ్చే సంఘాలలో కొన్ని ఇప్పటికీ జీపు ఛాసీ మీద కట్టిన పాత ఫోర్ వీల్ పికప్పులనే నడుపుతున్నాయి. వానాకాలంలో వాగు దాటాలన్నా, బురద గట్టు ఎక్కాలన్నా ఆ ధరలో వాటికి సాటి వచ్చే బండి దొరకదు. ఇంజను బాగానే ఉంటుంది, గేర్లు బాగానే పడతాయి. వెనుక కమాన్లు మాత్రం చదునై, బండి తోక దించి నడుస్తుంది. అప్పుడు డ్రైవరు కార్యదర్శి దగ్గరకు వచ్చి, "కమాను మెత్తబడింది సార్, రెండు పట్టీలు ఎక్కువ వేయిస్తే సరిపోతుంది" అంటాడు. కమిటీ సరే అంటుంది. కొత్త కట్టల ఖర్చుతో పోలిస్తే ఇది చవక కదా! ఈ చవక వెనుక ఉన్న నష్టం సభ్యులందరికీ తెలియవలసి ఉన్నందున నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందుగా ఒక సంగతి గ్రహించాలి. అణిగిన కమాను మెత్తబడదు. దాని వంపు పోతుంది, అంతే. పట్టీ విరగనంత వరకు, తుప్పు తినివేయనంత వరకు దాని గట్టితనం దాదాపు మొదట ఉన్నంతే ఉంటుంది. ఏళ్ళ తరబడి అధిక బరువు మోసి, గుంతలలో పడి లేచి, ఉక్కు శాశ్వతంగా సాగిపోవడం వలన ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గిన దానికి గట్టితనం పెంచడం తలనొప్పికి మోకాలికి కట్టు కట్టడం వంటిది. ఎనిమిది సమానమైన పట్టీలున్న కట్టకు అటువంటివే రెండు కలిపితే గట్టితనం పాతిక వంతు పెరుగుతుంది. మందం మారిస్తే లెక్క ఇంకా తీవ్రం. గట్టితనం మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది కనుక 6 మిల్లీమీటర్ల పట్టీ తీసి 7 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే, ఆ ఒక్క పట్టీ ఇంచుమించు 1.6 రెట్లు గట్టిదవుతుంది. దుకాణంలో "కాస్త దళసరిది ఇవ్వు" అని అడిగేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

గట్టిదైతే మంచిదే కదా అని అడుగవచ్చును. బరువు నిండుగా ఉన్నప్పుడు పరవాలేదు. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలకు పైగా తూగుతాయి. క్యాను బరువు కలిపితే ఇంచుమించు 50 కిలోలు. ఇరవై క్యాన్లంటే ఒక టన్ను. కాని బండి రూటు అంతా ఇరవై నిండు క్యాన్లతో తిరగదు. మొదటి మూడు నాలుగు గ్రామాలలో అయిదారు క్యాన్లే ఉంటాయి, అందులో కొన్ని సగం నిండినవి. గట్టి కమాన్ల మీద తేలిక బండి రాళ్ళ బాటలో ఎగిరెగిరి పడుతుంది. సగం నిండిన క్యానులో గాలి ఉన్నది, పాలింకా చల్లబడలేదు. కవ్వం లేకుండానే చిలకడం జరిగిపోతుంది. మూత తీస్తే లోపలి అంచుకు వెన్న పలుకులు అంటుకొని కనబడతాయి.

ఆ పలుకులు ప్లంజరుతో ఎంత కలిపినా తిరిగి పాలలో సమంగా కలియవు. నమూనాలోకి రావు. గ్రామంలో పరీక్షించిన వెన్న శాతాన్ని బట్టి సంఘం సభ్యులకు డబ్బు చెల్లిస్తుంది. శీతలీకరణ కేంద్రంలో వచ్చిన శాతాన్ని బట్టి సంఘానికి డబ్బు వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా సంఘం నెత్తిన పడుతుంది. తనిఖీలలో మేము చూచినంతలో, ఇటువంటి తేడా వచ్చినప్పుడు మొదట అనుమానం టెస్టరు మీదికి, తరువాత నీళ్ళు కలిపాడని డ్రైవరు మీదికి పోతుంది. మాటా మాటా పెరుగుతుంది. బండి కిందికి వంగి చూచేవారు అరుదు. ఒక సంఘంలో మూడు నెలలు ఈ తగవు నడిచిన తరువాత, ఎక్కువ వేయించిన పట్టీలు తీయించి సరైన కట్టలు వేయించారు. మూతలకు వెన్న పట్టడం ఆగింది. టెస్టరు అంతకు ముందే పని మానివేశాడు.

పైగా పట్టీలు కలిపినంత మాత్రాన బండి మోయదగిన బరువు పెరగదు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో వ్రాసిన బరువే బరువు. కమాను మోసినా ఇరుసు, బ్రేకులు, టైర్లు మోయవలె గదా.

కమాన్లు మార్చవలెనా వద్దా అన్నది ఊహతో తేల్చవద్దు. పాల కేంద్రం ముందు సమతలంగా ఉన్న చోట ఖాళీ బండి నిలిపి, టైర్లలో గాలి సమానం చేసి, చక్రం నడిమి నుండి పైన బాడీ అంచు వరకు రెండు వైపులా కొలవండి. తేడా బొటనవేలు వెడల్పు దాటితే చూడవలసినదే. బంప్ రబ్బరు నలిగి ఉన్నా, పట్టీల సందులో ఒక్కచోట ఎర్రని పొడి రాలుతున్నా జాగ్రత్తపడాలి. ఆ పొడి చోట పగులు ఉండవచ్చును. వెనుక ఇరుసు ఒక వైపు వెనక్కు జరిగి బండి పీతలా అడ్డంగా నడుస్తూ ఉంటే సెంటర్ బోల్టు తెగి ఉంటుంది. ఆ బండిని ఆ రోజే ఆపివేయాలి.

కొలిమిలో కాల్చి వంపు తిప్పించడం గురించి కొందరు అడుగుతున్నారు. ఉక్కును సరియైన వేడికి తెచ్చి, నూనెలో చల్లార్చి, మరల తగు వేడిలో పదును సరిచేసే వసతి ఉన్న చోటయితే ఆ పని నిలుస్తుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఈ పని తెలిసినవారున్నారు. వసతి లేని కొలిమిలో ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టిన పట్టీ కొద్ది రోజులకే మళ్ళీ చదునవుతుంది, లేదా పుటుక్కున విరుగుతుంది. పాత బండికి మా సలహా కొత్త కట్టలే, అదీ రెండు వైపులా. ఒక వైపే మారిస్తే బండి రెండో వైపుకు ఒరుగుతుంది.

పని చేయించేటప్పుడు కమిటీ సభ్యుడు ఒకరు దగ్గర ఉండాలి. పాత జీపు రకాలలో కొన్నింటికి హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాల మీద కాక, గేరుబాక్సు వెనుక తిరిగే షాఫ్టు మీద పట్టుకుంటుంది. ఒక వెనుక చక్రం జాకీ మీద లేచిందంటే డిఫరెన్షియల్ వలన ఆ చక్రం తిరగగలదు, షాఫ్టు కదలకుండానే బండి జరుగుతుంది. కనుక హ్యాండ్ బ్రేకును నమ్మక, ముందు చక్రాలు రెండింటికీ ముందూ వెనుకా దిమ్మెలు పెట్టాలి. బండిని ఫోర్ వీల్‌లో, గేరులో ఉంచాలి. ఛాసీని గట్టి స్టాండుల మీద నిలపాలి, ఇరుసుకు వేరే జాకీ ఆనించాలి. జాకీ ఒక్కదానినే నమ్మి కింద దూరే మెకానిక్కు ఎంత అనుభవజ్ఞుడైనా వారించండి. ఇటుకలు అసలే పనికిరావు.

ముందు రాత్రే నట్లకు కిరసనాయిలు, ఇంజనాయిలు కలిపి పోసి ఉంచితే మరునాడు సగం శ్రమ తగ్గుతుంది. ఒక వైపు పూర్తి చేసిన తరువాతనే రెండో వైపు ముట్టుకోవాలి. అప్పుడు ఇరుసు తన చోటు తప్పదు. ఇరుసు బ్రేకు గొట్టం మీద వ్రేలాడకుండా చూడాలి. కొన్ని బండ్లకు కమాను ఇరుసు కింద, కొన్నింటికి పైన ఉంటుంది. విప్పే ముందే చూచి గుర్తు పెట్టుకోవాలి. సెంటర్ బోల్టు చాలా కమాన్లకు సరిగ్గా మధ్యలో ఉండదు. పొట్టి వైపు, పొడుగు వైపు తారుమారైతే ఇరుసు చోటు తప్పుతుంది. బోల్టు తల ఇరుసు మీది గుంటలో కూర్చున్నదని చేతితో తడిమి చూడాలి.

రబ్బరు బుష్షులకు గ్రీజు పూయవద్దు, రబ్బరు ఉబ్బి చెడుతుంది. గ్రీజు నిప్పిలు ఉన్న లోహపు బుష్షులకు మాత్రం గ్రీజు తప్పనిసరి. షాకిల్ బోల్టులను బండి నేల మీద దిగి బరువు పడిన తరువాతే పూర్తిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరలో చీలుతుంది. యూ బోల్టులు పాతవి మళ్ళీ వాడవద్దు. నాలుగు నట్లను ఐమూలగా కొంచెం కొంచెం బిగిస్తూ, బండి పుస్తకంలో చెప్పిన బిగువుకు తేవాలి. బరువుతో రెండు మూడు రోజులు తిరిగిన తరువాత ఇంకొకసారి తప్పక బిగించాలి. పట్టీల మధ్య రంగు, మురికి అణిగి యూ బోల్టులు వదులవుతాయి. వదులైన కమాను సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే విరుగుతుంది. బండి వెనుక ఎత్తు పెరిగినందున హెడ్‌లైట్లు, షాఫ్టు క్రాసులు, బరువును బట్టి బ్రేకు వాల్వు ఉన్న బండికి ఆ వాల్వు కూడా చూపించుకోవాలి.

ఇక కాగితాల సంగతి. కమిటీ తీర్మానం, కొటేషన్లు, బిల్లు మామూలే. చాలా సంఘాలలో దొరకనిది పాత కమాన్ల లెక్క. అది మంచి ఉక్కు, తూకానికి అమ్ముడుపోతుంది. తూచి, పాత సామాను రిజిస్టరులో ఎక్కించి, అమ్మిన రశీదు జతచేయండి. బండి లాగ్ పుస్తకంలో కమాన్లు మార్చిన తేదీ, పట్టీల సంఖ్య, మందం, రెండవసారి బిగించిన తేదీ వ్రాసి డ్రైవరు చేత సంతకం చేయించి ఉంచగలరు.