ముగిసిన కథకు కొత్త ముగింపు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఆవపల్లి పరిసరాలు మొదలుకొని గోదావరి వైపు విస్తరించిన అడవులను దండకారణ్యమని వ్యవహరిస్తారు. ఆ పేరు వెనుక కథను రామాయణంలోని ఉత్తరకాండ చెబుతుంది. ఇక్ష్వాకుని కుమారుడు దండుడు శుక్రాచార్యుని కుమార్తె అరజను బలాత్కరించాడు. ముని శాపంవల్ల ఏడు రోజులు ధూళివర్షం కురిసి, అతని రాజ్యం నశించి అరణ్యమైంది. అగస్త్యుడు ఈ కథను వినిపించినది ఎవరికి? లోకాపవాదానికి వెరచి, గర్భవతియైన సీతను అప్పటికే అడవికి పంపివేసిన శ్రీరామునికి!

ఉత్తరకాండ తరువాతి కాలంలో చేరిన భాగమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. గ్రంథం చివర ఉండవలసిన ఫలశ్రుతి, పట్టాభిషేకంతోపాటు యుద్ధకాండలోనే కనిపించడం వారు చూపే ఆధారాలలో ఒకటి. పాత్రల నడవడి మరొకటి. దండకలోని తాపసుల రక్షణకై విల్లు పట్టిన రాముడే, ఉత్తరకాండలో తపస్సు చేస్తున్న శంబూకుని శూద్రుడన్న కారణంగా వధిస్తాడు.

ఇంతమాత్రాన తీర్పు చెప్పడం తొందరపాటవుతుంది. వైరం లేనివారిని చంపడం తగదని అరణ్యకాండలో సీత భర్తను వారిస్తుంది. తన ప్రాణాలనైనా, లక్ష్మణునితోపాటు సీతనైనా విడువగలనుగాని, మునులకిచ్చిన మాట తప్పలేనని రాముడు బదులిస్తాడు. సీతా పరిత్యాగానికి బీజం అక్కడే ఉన్నదని వాదించవచ్చు. కాని ఆ మాట నిస్సహాయులను కాపాడటానికి ఇచ్చినది. ఉత్తరకాండలో నిస్సహాయురాలైనది సీతయే. స్వభావం మారకపోయినా, అది సేవించే ధర్మం మారిపోయింది.

ఈ వెలితి కవులను నిలువనీయలేదు. ఎనిమిదవ శతాబ్దిలో భవభూతి తన నాటకంలో రాముని కుమిలిపోయేలా చేసి, చివరకు సీతారాములను కలిపాడు. పదమూడవ శతాబ్దిలో తిక్కన నిర్వచనోత్తర రామాయణం రచించి, రామనిర్యాణాన్ని మాత్రం విడిచిపెట్టాడు. మన కాలంలో ఓల్గా ‘విముక్త’ కథలలో సీతకు తన దారి తానే వెదుక్కొనే చూపునిచ్చారు.

ఈ చిక్కు నేటి వీడియో గేములనూ వదలలేదు. 2013లో వచ్చిన ‘బయోషాక్ ఇన్ఫినిట్’ ఆటలో పీడితుల నాయకురాలు డైసీ ఫిట్జ్‌రాయ్, చివరకు ఒక పసివాణ్ణి చంపబోయి, ఎలిజబెత్ అనే యువతి చేతిలో హతమవుతుంది. పీడకులను, పీడితులను ఒకే గాటన కట్టారన్న విమర్శ వచ్చింది. 2014లో ఆ కథకు అనుబంధంగా వెలువడిన ‘బరియల్ ఎట్ సీ’ రెండవ భాగం, డైసీకి బాలుని చంపే ఉద్దేశం లేదనీ, ఎలిజబెత్ పరిణతికోసం ఇతరుల ప్రేరణపై అలా నటించిందనీ చూపింది. మచ్చ తొలగింది, కాని తన జనంకోసం పోరాడిన స్త్రీ, మరొకరి ఎదుగుదలకు మెట్టుగా మిగిలిపోయింది.

కథను పొడిగించే స్వేచ్ఛ రచయితకు ఎప్పుడూ ఉన్నది. అయితే పాత కథను నమ్మిన పాఠకునికి అతడు సమాధానం చెప్పుకోవాలి. పాత్ర ఎందుకు మారిందో కథలోనే కనబడినప్పుడు ఆ మార్పు జీవితమనిపిస్తుంది. కనబడనప్పుడు, తరతరాలుగా ఎవరో ఒకరు కలం పట్టి ఆ కథను తిరిగి వ్రాస్తూనే ఉంటారు.