సూర్యాపేటలో పగిలిన అద్దం మిర్యాలగూడలో బిగిసింది

టీ తాగడానికి పట్టింది పన్నెండు నిమిషాలు. కారు దిగే ముందు ఇంటికి ఫోన్ చేశాను, టీ డబ్బులు ఫోన్‌పేలో కట్టాను. రెండింటి టైమూ ఫోన్‌లోనే ఉంది కాబట్టి ఇంత కరెక్ట్‌గా చెప్తున్నా. శనివారం రాత్రి, హైదరాబాద్ నుంచి కోదాడలో మా ఇంటికి వెళ్తూ సూర్యాపేట దగ్గర హైవే పక్క ఓ హోటల్ ముందు ఆగాను. లైట్ల కింద ఖాళీ లేక, లారీల వెనకాల కాస్త చీకట్లో పెట్టాను బండి. లాక్ చేశాను. రెండుసార్లు చెక్ చేశాను కూడా.

గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే "ఎవడ్రా అది!" అని ఓ కేక. లారీ క్లీనర్ కుర్రాడు. పరిగెత్తి వెళ్లేసరికి ఎవడూ లేడు. ఎడమవైపు వెనక డోర్ అద్దం మాత్రం లేదు. సీటు నిండా, కింద మ్యాట్ నిండా పటికబెల్లం ముక్కల్లా గాజు. నా నల్ల బ్యాగ్ కిటికీ దాకా వచ్చి ఆగింది. దాని పట్టీ ఒకటి బయటికి వేలాడుతోంది.

ఆ బ్యాగ్‌లో ల్యాప్‌టాప్ ఉందని దొంగ అనుకుని ఉంటాడు. లేదు. ఉన్నది మా చెల్లి ఒరిజినల్ సర్టిఫికెట్లు. టెన్త్ మెమో నుంచి ఎమ్మెస్సీ పట్టా దాకా అన్నీ ఒకే ఫైల్లో. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు నా రూమ్‌లో మర్చిపోయింది. సోమవారం పొద్దున పది గంటలకు మిర్యాలగూడలో ఓ కాలేజీలో లెక్చరర్‌గా జాయినింగ్. ఒరిజినల్స్ చూపిస్తేనే ఆర్డర్ చేతికిస్తామన్నారు. వాటిని తెచ్చే బాధ్యత నాది. వాడికి ఆ ఫైల్‌తో పావలా పని లేదు, ఏ కాలువలోనో పడేసేవాడు. మాకు మాత్రం పదిహేడేళ్ల చదువు అందులోనే ఉంది.

"ముందు ఫొటోలు దియ్యి తమ్మీ"

100కి కొట్టాను. పెట్రోలింగ్ బండి వచ్చేలోపు గాజు దులిపేద్దామని డోర్ తీయబోతే, అప్పుడే దిగిన హెడ్ కానిస్టేబుల్ ఆపాడు. "ముట్టుకోకు. ముందు ఫొటోలు దియ్యి తమ్మీ. నంబర్ ప్లేట్ కనవడాలె, జాగ కనవడాలె, పగిలింది దగ్గరికెల్లి దియ్యి."

"ఏం పోలేదు కదా సార్, కంప్లైంట్ ఎందుకులే" అన్నది నేనే. నిద్ర, చిరాకు, ఇంకో గంట డ్రైవింగ్. ఆయన ఒక్కటే అడిగాడు: "ఏం పోలేదని నీకెట్ల తెలుసు? సీట్ల కింద సూసినవా? డ్యాష్‌బోర్డ్ సూసినవా? పొద్దుగాల ఏదన్న కనవడకపోతే ఏం జేస్తవ్?"

నిజమే. ఆ ఫైల్లో ఒక్క మెమో జారిపోయినా, డూప్లికేట్ కోసం తిరిగేటప్పుడు మొదట అడిగేది పోలీస్ కాగితమే. హోటల్ బల్ల మీద ఫైల్ తెరిచి ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. అయినా కంప్లైంట్ రాసిచ్చి, అందినట్టు కాపీ తీసుకున్నాను. మీకు ఇలాంటిది దారి మధ్యలో జరిగితే "మా లిమిట్ కాదు" అనే మాటకు భయపడి వదిలేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

ఇక అద్దం లేని కిటికీ. హోటలాయన ఓ పాత ఫ్లెక్సీ తెచ్చిచ్చాడు. ఎవరో లోకల్ లీడర్‌కి పుట్టినరోజు శుభాకాంక్షలు. కత్తిరించి బ్రౌన్ టేప్‌తో అంటించాం. లీడర్ గారి ముఖం సరిగ్గా కిటికీలోకి వచ్చింది, నవ్వుతూ, దండం పెడుతూ. అరవై దాటితే చాలు పటపటా కొట్టుకుంటోంది. కోదాడ దాకా ఆయనా నేనూ.

కోదాడలో ఆదివారం

చెల్లి గేటు దగ్గరే నిలబడి ఉంది. కారు వైపు చూడలేదు. బ్యాగ్ తీసుకుని లోపలికి వెళ్లి, ఫైల్ మొత్తం మళ్లీ లెక్కపెట్టుకుని, అప్పుడొచ్చి "నీకేం కాలేదు కదన్నా?" అంది. నాన్న మాత్రం ఫ్లెక్సీ దగ్గరే ఆగిపోయాడు. "ఈయన మన పార్టీ కాదు కదరా" అన్నాడు.

ఆదివారం సగం షాపులు మూత. తీసి ఉన్న ఒక కార్ యాక్సెసరీస్ షాపతను మోడల్, సంవత్సరం అడిగి పెదవి విరిచాడు. నాది పాత స్విఫ్ట్. "ముందు అద్దాలంటే అడుగుతారు సార్, స్టాక్ పెడతాం. వెనక డోర్‌ది ఎవరు పెట్టుకుంటారు?" పాత బండ్ల స్క్రాప్‌లో తీసిన సెకండ్ హ్యాండ్‌ది పన్నెండు వందలకు ఉందన్నాడు. చూస్తే నిలువునా గీతలు. కొత్తది విజయవాడ నుంచి రేపు పొద్దున బస్సు పార్సిల్‌లో వస్తుంది, 2,100. సరే అన్నాను.

ఈ అద్దం గురించి అతను చెప్పింది విన్నాకే నాకు అర్థమైంది, ఒక్క దెబ్బకి అంతా ఎందుకు రాలిపోయిందో. ముందు విండ్‌షీల్డ్ రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించిన లామినేటెడ్ గ్లాస్. పగిలినా సాలెగూడులా అతుక్కునే ఉంటుంది. చాలా బండ్లకు పక్క అద్దాలు అలా కాదు. గాజుని 600 డిగ్రీలు దాటించి, గాలి కొట్టి గబుక్కున చల్లారుస్తారు. పైపొర బిగుసుకుపోతుంది, లోపల లాగుడు మిగిలిపోతుంది. మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలం. కానీ ఆ బిగింపు ఒక్క చోట తెగిందంటే మొత్తం ఒకేసారి చిన్న చిన్న ముక్కలైపోతుంది. యాక్సిడెంట్ అయితే కత్తుల్లాంటి పెంకులు గుచ్చుకోకూడదని అలా చేస్తారు. మనల్ని కాపాడే ఆ గుణమే దొంగకీ పనికొస్తోంది, ఏం చేస్తాం.

కొత్త అద్దం కొనేటప్పుడు మూలన ఉండే చిన్న అక్షరాలు చూడమన్నాడు. ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 2553 అన్న నంబరు ఉండాలి. మిగతా అద్దాలకు కాస్త పచ్చటి ఛాయ ఉంటే ఇదీ అదే ఛాయలో ఉండాలి. లేకపోతే ఒక్కటి మాత్రం తెల్లగా, పెట్టుడు పన్నులా కనబడుతుంది.

"నల్ల ఫిల్మ్ వేసేద్దామా సార్? లోపల బ్యాగ్ ఉందో లేదో కూడా తెలీదు" అని కూడా అన్నాడు. టెంప్ట్ అయ్యాను, దాచను. కానీ బ్లాక్ ఫిల్మ్‌లు వద్దని సుప్రీంకోర్టు చెప్పింది 2012 ఏప్రిల్ 27న. రూల్స్ ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి. అడుగడుక్కీ చలాన్ కట్టే బదులు బ్యాగ్‌ని డిక్కీలో పెడితే పోతుంది. అదీ హోటల్ ముందు ఆగాక కాదు, ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే. ఆగాక డిక్కీ తెరిచి పెడితే చూసేవాడికి దారి చూపించినట్టే.

ఆ మధ్యాహ్నం ఇన్సూరెన్స్ లెక్క వేశాను. ఫ్రెండ్స్ గ్రూపులో అందరిదీ ఒకటే మాట: "క్లెయిమ్ చెయ్‌రా, ఫ్రీ." ఫ్రీ కాదు. 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిమ్‌లో మొదటి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. నాకొచ్చేది ఎలా చూసినా పద్దెనిమిది వందలు దాటదు. అయిదేళ్లుగా క్లెయిమ్ లేదు కాబట్టి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తోంది, నా పాలసీలో అది దాదాపు మూడు వేలు. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు అది సున్నా. తర్వాత మళ్లీ 20 శాతం నుంచి మెట్లెక్కాలి. పద్దెనిమిది వందల కోసం మూడు వేలు వదులుకోవడం ఎందుకు? జేబులోంచే పెట్టాను. అదే విండ్‌షీల్డ్ పగిలినా, రెండు మూడు అద్దాలు పోయినా, బోనస్ పోకుండా కాపాడే యాడ్-ఆన్ ఉన్నా లెక్క మారిపోతుంది. క్లెయిమ్ చేసే ఉద్దేశముంటే మాత్రం కంపెనీకి చెప్పకుండా రిపేర్ మొదలుపెట్టకండి. ఇంకోటి, బ్యాగ్ పోయి ఉంటే కారు పాలసీ దానికి పైసా ఇచ్చేది కాదు. మామూలు పాలసీ బండికే, బండిలో పెట్టిన సామాన్లకి కాదు.

అద్దం ఒళ్లో, ప్రయాణం

సోమవారం పొద్దున్నే పార్సిల్ వచ్చింది. బిగించే కుర్రాడు మాత్రం పదకొండుకి గానీ రాడట. చెల్లి పదింటికి మిర్యాలగూడలో ఉండాలి. కొత్త అద్దాన్ని దుప్పట్లో చుట్టి చెల్లి ఒళ్లో పెట్టాం. దాని మీద సర్టిఫికెట్ల ఫైల్. వెనక కిటికీలో లీడర్ గారు. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా ఆ యాభై కిలోమీటర్లూ చెల్లి ఒక్క స్పీడ్ బ్రేకర్ దగ్గర కూడా నన్ను తిట్టకుండా వదల్లేదు. మిర్యాలగూడ దగ్గర పడేసరికి రైస్ మిల్లుల ఊక దుమ్ము ఫ్లెక్సీ సందుల్లోంచి సన్నగా లోపలికి వచ్చేసింది. జాయినింగ్ కోసమని కట్టుకున్న లేత రంగు చీర. ఇక చెప్పేదేముంది.

తనని కాలేజీ దగ్గర దింపి, అడుక్కుంటూ వెళ్లి ఓ మెకానిక్‌ని పట్టుకున్నాను. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. అద్దం బిగించడమంటే పైనుంచి తోసేయడం అనుకున్నా. ఆయన ముందు డోర్ ప్యాడ్ మొత్తం ఊడదీశాడు. లోపల డోర్ అడుగున పిడికెళ్ల కొద్దీ గాజు! "ఇది తియ్యకుండ బిగిస్తరు కొందరు. వారం దినాలకు గలగల సప్పుడు. అద్దం లేపే మిషన్‌ల ఇరుకుతది, కొత్త అద్దానికి గీతలు పడతయ్. కింద నీళ్లు పొయ్యే బొక్కలు మూసుకపోయి వానకాలం తుప్పు." వ్యాక్యూమ్‌తో ఓసారి, చేత్తో ఓసారి, మళ్లీ వ్యాక్యూమ్‌తో తీశాడు. రబ్బరు బీడింగ్ గాడిలో ఇరుక్కున్న ముక్కలు స్క్రూడ్రైవర్ కొనతో ఒక్కొక్కటీ లాగాడు. అరగంట అందుకే పోయింది. అద్దాన్ని ఏటవాలుగా దించి, క్లాంప్‌లో బిగించి, పది పన్నెండుసార్లు పైకీ కిందకీ ఆడించి చూడటానికి ఇంకో పావుగంట. కూలి 500. విరిగిన క్లిప్పులకు 60. పార్సిల్ చార్జీ 120తో కలిపి నాకైన మొత్తం 2,780. మీ బండి మోడల్‌ని బట్టి ఇది సగమూ కావచ్చు, మూడింతలూ కావచ్చు.

ఫ్లెక్సీ పారేద్దామంటే ఆయన వద్దన్నాడు. "గట్టిగుంది, ఇటియ్యి. టూల్స్ కింద పరుస్త." ఇచ్చేశాను.

పన్నెండున్నరకి చెల్లి ఫోన్. గొంతు విని భయపడ్డాను, కానీ అది నవ్వు. ఆఫీసు క్లర్క్ ఒరిజినల్స్ ఒక్కొక్కటే తీసి చూస్తుంటే, డిగ్రీ మెమో కవర్‌లోంచి రెండు గాజు ముక్కలు టకటకా ఆయన బల్ల మీద పడ్డాయట.

"ఇవేంటమ్మా?" అన్నాడట ఆయన.

"మా అన్న తెచ్చాడు సార్" అందట ఇది.