2022లో తెలుగు జానపద సంగీతము

2022 సంవత్సరము తెలుగు జానపద సంగీత చరిత్రలో ముఖ్యమైన సంవత్సరములలో ఒకటి. ఈ సంవత్సరము ఏప్రిల్ 2న ఉగాదితో ప్లవ నామ సంవత్సరము ముగిసి శుభకృత్ నామ సంవత్సరము మొదలైనది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య ఈ సంవత్సరమే పద్మశ్రీ పురస్కారమునకు ఎంపికైనారు. మేడారం జాతర జరిగినది. పల్లె గాయకుల గొంతులు పెద్ద చలనచిత్రాలలో వినిపించినవి. సంవత్సరాంతమున పల్లె దరువుతో కూడిన ఒక తెలుగు పాట ఆస్కార్ తుది వడపోత జాబితాకు చేరినది. ఈ గౌరవాలు కళాకారుల జీవనమును ఎంతవరకు మార్చినవి అనే ప్రశ్న కూడా ఈ సంవత్సరము నుండే బలముగా వినిపించసాగినది.

పేరు, పరిధి

అమెరికాలో గ్రామీణ ప్రజల పాటల నుండి పుట్టిన సంగీతమును కంట్రీ సంగీతము అంటారు. 1927లో టెనెస్సీ రాష్ట్రములోని బ్రిస్టల్ పట్టణములో కార్టర్ కుటుంబము, జిమ్మీ రోజర్స్ మొదలైనవారి పాటలను రికార్డు చేయడముతో అది వ్యాపారముగా స్థిరపడినది. 1944లో బిల్‌బోర్డ్ పత్రిక ఈ పాటలకు వేరే పట్టిక మొదలుపెట్టినప్పుడు దానికి పెట్టిన పేరులో జానపదము అనే అర్థమిచ్చే ఫోక్ అనే మాటే ఉన్నది. 1949లో దానిని కంట్రీ అండ్ వెస్టర్న్ అని మార్చినారు. ఆ పట్టికల వలన అక్కడ ఏ సంవత్సరములో ఏ పాట ముందున్నదో తెలుస్తుంది.

తెలుగులో పల్లె పాట అటువంటి పట్టికలతో నడవలేదు. నాట్లు, కలుపు, దంపుడు, జాతర, బతుకమ్మ, పెండ్లి, చావు వంటి సందర్భాలను బట్టి అది పుడుతుంది. పాడినవారి పేరు చాలాసార్లు మిగలదు. కనుక తెలుగు జానపద సంగీతములో ఒక సంవత్సరమును లెక్కించాలంటే జాతరలు, పండుగలు, పురస్కారాలు, చలనచిత్రాలు ఆధారమవుతాయి. ఆచార్య బిరుదురాజు రామరాజు "తెలుగు జానపద గేయ సాహిత్యము"పై ఉస్మానియా విశ్వవిద్యాలయములో చేసిన పరిశోధనతో ఈ పాటల అధ్యయనము శాస్త్రీయ మార్గములో పడినది. తరువాతి కాలములో జయధీర్ తిరుమలరావు వంటివారు అరుదైన వాద్యాలను కూడా సేకరించినారు.

నేపథ్యము

2021లో జరిగిన కొన్ని సంగతులు 2022కు దారి తీసినవి. ఆ సంవత్సరము జనవరిలో గుస్సాడి నృత్య కళాకారుడు కనకరాజుకు పద్మశ్రీ ప్రకటించారు. ఫిబ్రవరి చివరిలో "లవ్ స్టోరీ" చిత్రములోని సారంగ దరియా పాట విడుదలైనది. సుద్దాల అశోక్ తేజ రచించగా మంగ్లీ పాడిన ఈ పాటకు ఆధారము ఒక పాత జానపద గీతము. దానిని "రేలా రె రేలా" టెలివిజన్ కార్యక్రమములో ముందుగా పాడిన గాయని కోమలి తనకు గుర్తింపు దక్కలేదని చెప్పడముతో, జానపద గీతము ఎవరి సొత్తు అనే చర్చ మొదలైనది. సెప్టెంబరు 2న "భీమ్లా నాయక్" శీర్షిక గీతము విడుదలై, దాని ఆరంభములోని మొగులయ్య గొంతు, కిన్నెర నాదము తెలుగు ప్రాంతాలంతటా వినిపించినవి. డిసెంబరు 30న కవి, గాయకుడు గోరటి వెంకన్న "వల్లంకి తాళం" కావ్యమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము ప్రకటించారు.

సంవత్సర క్రమము

జనవరి 25: కేంద్ర ప్రభుత్వము పద్మ పురస్కారాలను ప్రకటించినది. తెలంగాణ నుండి దర్శనం మొగులయ్య, సకిని రామచంద్రయ్య, కూచిపూడి కళాకారిణి పద్మజా రెడ్డి కళారంగములో పద్మశ్రీకి ఎంపికైనారు. ఆంధ్రప్రదేశ్ నుండి నాదస్వర విద్వాంసుడు గోసవీడు షేక్ హసన్‌కు మరణానంతరము ఈ గౌరవము దక్కినది.

జనవరి 28: అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు మొగులయ్యకు ఒక కోటి రూపాయలు, హైదరాబాదులో ఇంటి స్థలము ప్రకటించారు. కొద్ది రోజుల తరువాత రామచంద్రయ్యకు కూడా కోటి రూపాయల సహాయము ప్రకటించబడినది.

ఫిబ్రవరి 16–19: ములుగు జిల్లా మేడారములో సమ్మక్క–సారలమ్మ జాతర జరిగినది. రెండు సంవత్సరాలకు ఒకసారి జరిగే ఈ జాతరలో కోయల డోలి, పాట ప్రధానమైనవి.

ఫిబ్రవరి 23: హైదరాబాదులోని యూసుఫ్‌గూడ పోలీసు మైదానములో "భీమ్లా నాయక్" విడుదలకు ముందరి సభ జరిగినది. చిత్రము 25న విడుదలైనది.

మార్చి 21, 28: రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ న్యూఢిల్లీలో రెండు విడతలుగా పద్మ పురస్కారాలను ప్రదానము చేసినారు.

మార్చి 25: "ఆర్ఆర్ఆర్" విడుదలైనది. ఇందులో కొమురం భీమును గురించి సుద్దాల అశోక్ తేజ రచించిన గీతమును కాలభైరవ పాడినారు.

జూన్ 17: వేణు ఊడుగుల దర్శకత్వము వహించిన "విరాట పర్వం" విడుదలైనది. సురేష్ బొబ్బిలి సంగీతములో తెలంగాణ పల్లె బాణీలు ఉన్నవి.

జూలై 22: 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాలు ప్రకటించారు.

సెప్టెంబరు 25 – అక్టోబరు 3: బతుకమ్మ పండుగ జరిగినది. దసరా రోజులలో "దసరా" చిత్రము యొక్క మొదటి పాట విడుదలైనది. కాసర్ల శ్యామ్ రచించిన ఈ పాటను రాహుల్ సిప్లిగంజ్‌తో పాటు పాలమూరు జంగిరెడ్డి, గొట్టె కనకవ్వ, నర్సమ్మ వంటి పల్లె గాయకులు పాడినారు.

డిసెంబరు 21: "ఆర్ఆర్ఆర్" లోని నాటు నాటు పాట ఆస్కార్ ఉత్తమ గీతము విభాగములో 15 పాటల వడపోత జాబితాలో చేరినది.

యూసుఫ్‌గూడ సభ

యూసుఫ్‌గూడ హైదరాబాదు నగరములో అమీర్‌పేటకు, జూబ్లీహిల్స్‌కు నడుమ గల ప్రాంతము. ప్రత్యేక పోలీసు మొదటి పటాలము, కోట్ల విజయభాస్కరరెడ్డి ఇండోర్ స్టేడియము ఇక్కడ ఉన్నవి. సమీపములోని కృష్ణానగర్‌లో చిత్రపరిశ్రమ కార్మికులు, సహాయ నటులు, గాయకులు ఎక్కువగా నివసిస్తారు. ఈ కారణాల వలన ఇక్కడి పోలీసు మైదానము పెద్ద చిత్రాల సభలకు వేదిక అయినది. 2021 డిసెంబరు 12న "పుష్ప" సభ కూడా ఇక్కడే జరిగినది. ఆ చిత్రములో సామి సామి పాట పాడిన మౌనిక యాదవ్ జానపద గీతాల ద్వారా పేరు పొందిన గాయని.

"భీమ్లా నాయక్" సభ మొదట ఫిబ్రవరి 21న జరగవలసి ఉండెను. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి మరణించడముతో 23వ తేదీకి వాయిదా పడినది. అప్పటి తెలంగాణ మంత్రి కె. తారక రామారావు ముఖ్య అతిథిగా వచ్చినారు. ఈ చిత్రములో మొగులయ్యతో పాటు మంచిర్యాల జిల్లాకు చెందిన కుమ్మరి దుర్గవ్వ కూడా పాడినది. రామజోగయ్య శాస్త్రి రచించిన అడవి తల్లి మాట పాటలో ఆమెది, సాహితి చాగంటిది జంట గొంతు. కథానాయకుల అభిమానులతో నిండిన సభలో కథానాయకుల పేర్లతో పాటు పల్లె కళాకారుల పేర్లు కూడా పలకబడటము తెలుగు చలనచిత్ర సభలలో అరుదు.

కిన్నెర, దర్శనం మొగులయ్య

మొగులయ్య స్వస్థలము నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలములోని అవుసలికుంట. కిన్నెర తంత్రీ వాద్యము. వెదురు కర్రకు ఎండిన సొరకాయ బుర్రలు అమర్చి, తీగలు బిగించి, మైనముతో మెట్లు నిలుపుతారు. బుర్రలు నాదమును పెంచుతాయి. మెట్లు ఎక్కువైన కొలది పలికే స్వరాలు ఎక్కువ, వాయించడము కష్టము. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య ప్రత్యేకత.

కిన్నెరను తరతరాలుగా వాయించినవారు డక్కలి కులస్తులు. మాదిగల వంశావళిని, జాంబపురాణమును పాడి చెప్పడము వీరి వృత్తి. పాటకు ప్రతిఫలముగా ధాన్యము, డబ్బు తీసుకునేవారు. పండుగ సాయన్న, మియాసాబ్ వంటి పాలమూరు వీరుల కథలను మొగులయ్య ఈ వాద్యముపై పాడుతాడు. "భీమ్లా నాయక్" గీతము ఆరంభములో ఆయన పాడిన భాగము కూడా కథానాయకుడి పుట్టుకను, పెద్దలను చెప్పే పద్ధతిలో సాగుతుంది. అనగా చిత్రము కోసము కొత్తగా కూర్చిన మాటలలో కూడా వంశము చెప్పే పాత వృత్తి పద్ధతి నిలిచి ఉన్నది.

సకిని రామచంద్రయ్య

రామచంద్రయ్య భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలము కూనవరము గ్రామవాసి. కంచుమేళము–కంచుతాళము కళకు గుర్తింపుగా ఆయనకు పద్మశ్రీ లభించినది. కోయల వీరగాథలను, సమ్మక్క–సారలమ్మల కథను డోలి వాయిస్తూ కోయ భాషలో, తెలుగులో పాడేవాడు. కథకు ఆధారముగా పడిగె అనే బొమ్మల గుడ్డను ఉపయోగిస్తారు. కోయ భాషలోని ఈ కథలు చాలావరకు నోటి మీదనే నిలిచినవి. పాడేవారితో పాటే కథ కూడా పోయే ప్రమాదము ఉన్నందున ఈ పురస్కారము ఒక వ్యక్తికి దక్కిన గౌరవము మాత్రమే కాదు.

జాతీయ చలనచిత్ర పురస్కారాలు

"భీమ్లా నాయక్"కు మూలము 2020లో వచ్చిన మలయాళ చిత్రము "అయ్యప్పనుమ్ కోషియుమ్". అందులో కేరళలోని అట్టపాడికి చెందిన ఇరుళ తెగ గాయని నంజియమ్మ తన భాషలోనే పాడినది. 68వ జాతీయ పురస్కారాలలో ఆమె ఉత్తమ గాయనిగా ఎంపికైనది. శాస్త్రీయ శిక్షణ లేని గాయనికి ఈ పురస్కారము ఇవ్వడము సరియేనా అని కొందరు ప్రశ్నించగా, పలువురు సంగీతకారులు ఆమెను సమర్థించినారు. సెప్టెంబరు 30న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా ఆమె పురస్కారము అందుకున్నది.

అదే జాబితాలో "అల వైకుంఠపురములో" చిత్ర గీతాలకు తమన్ ఉత్తమ సంగీత దర్శకుడిగా ఎంపికైనాడు. "భీమ్లా నాయక్"కు సంగీతము కూర్చినది కూడా ఆయనే. "అల వైకుంఠపురములో" చిత్రములో ఉత్తరాంధ్ర పలుకుబడితో సాగే సిత్తరాల సిరపడు పాట ఒకటి. శ్రీకాకుళము మాండలికమునకు ఆ పాట ద్వారా విస్తృత ప్రచారము లభించినది.

హక్కుల ప్రశ్న

భారత కాపీహక్కు చట్టము (1957) ప్రకారము రచనపై హక్కు రచయిత జీవితకాలము, ఆ తరువాత 60 సంవత్సరాలు ఉంటుంది. పరంపరగా వచ్చిన పల్లె పాటకు ఫలానా రచయిత అని ఉండడు. అందువలన ఆ పాటను ఎవరైనా వాడుకొనవచ్చును. దానికి కొత్త చరణాలు చేర్చినవారికి ఆ చేర్పుపై హక్కు వస్తుంది. పాటను కాపాడిన ఊరికి, కులమునకు, తెగకు చట్టము ఏ వాటాను చూపదు.

పాడినవారి సంగతి కొంత వేరు. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించినది. 2012 సవరణ వాణిజ్యపరముగా వాడుకున్న ప్రదర్శనకు రాయల్టీ పొందే హక్కును చేర్చినది. అయితే వ్రాతపూర్వక ఒప్పందము లేకుండా, ఒక్కసారి ఇచ్చే పారితోషికముతో పాడే పల్లె గాయకులకు ఈ హక్కును అమలు చేసుకోవడము కష్టము. పాట కోట్ల మందికి చేరినా పాడినవారి ఆదాయము ఒక్క రోజు కూలితో ఆగిపోవడానికి ఇది ముఖ్య కారణము.

తరువాతి పరిణామాలు

నాటు నాటు పాటకు 2023 జనవరి 10న గోల్డెన్ గ్లోబ్, మార్చి 12న ఆస్కార్ లభించినవి. సంగీత దర్శకుడు ఎం. ఎం. కీరవాణి, రచయిత చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నారు. 2023 మార్చిలో విడుదలైన "బలగం" చిత్రములో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడినారు. ఈ మొగిలయ్య, కిన్నెర మొగులయ్య వేరు వేరు వ్యక్తులు. బలగం మొగిలయ్య 2024 డిసెంబరు 19న మరణించాడు. ఆ చిత్రములోని పాటకు కాసర్ల శ్యామ్ 2025లో ప్రకటించిన జాతీయ పురస్కారాలలో ఉత్తమ గేయ రచయితగా ఎంపికైనాడు. ప్రజాగాయకుడు గద్దర్ 2023 ఆగస్టు 6న మరణించాడు.

సకిని రామచంద్రయ్య 2024 జూన్‌లో, గుస్సాడి కనకరాజు అదే సంవత్సరము అక్టోబరులో మరణించారు. 2024 మే నెలలో దర్శనం మొగులయ్య హైదరాబాదు శివారులో నిర్మాణ కూలీగా పని చేస్తున్నట్లు వార్తలు వచ్చినవి. అదే సంవత్సరము ఆయనకు హయత్‌నగర్ వద్ద ఇంటి స్థలము కేటాయించబడినది.

పద్మశ్రీతో పింఛను గాని నగదు గాని రాదు. అది పతకము, ప్రశంసాపత్రము మాత్రమే. ప్రభుత్వాలు వేరుగా ఇచ్చే సహాయము ఒక కుటుంబమునకు ఆసరా అవుతుంది. కాని వాద్యము నిలవాలంటే దానిని నేర్చుకునేవారు, నేర్పేవారికి నెలనెలా జీతము, కిన్నెర చేసే పనివారికి పని కావలెను. 2022లో లభించిన గుర్తింపు ఈ మూడింటి వైపు ఎంత దూరము సాగుతుందనే దానిపై పన్నెండు మెట్ల కిన్నెర భవిష్యత్తు ఆధారపడి ఉన్నది.